అక్క నడుము, పదిహేడు ఇంచుల చక్రాలు

ఆ రోజుల్లో నాకు కొత్తగా యవ్వనం వచ్చింది. నా పద్దెనిమిదో ఏటి కథ చెప్పబోతున్నాననుకోకండి, ఇది యాభై ఎనిమిదో ఏటి సంగతి. పద్దెనిమిదో ఏట యవ్వనం అనుభవించే తీరిక మాకెక్కడిది? అమ్మా నాయినా ఇంకొకరి చేలో కూలికి పోయేవాళ్ళు, నేను హాస్టల్ అన్నం తింటూ ఎప్పుడు ఉద్యోగం వస్తుందా అని దారి చూసేవాణ్ణి. అప్పుడు రావలసిన పొగరు, ఉబలాటం, అద్దం ముందు నిలబడడం, అన్నీ ఎక్కడో ఆగిపోయి, తెలంగాణ వచ్చిన కొత్తల్లో, నేను బస్సు డిపోలో రిటైరైన నెలలోనే ఒక్కసారిగా వచ్చి మీద పడ్డాయి. జుట్టుకు రంగు వేశాను. బిగుతు ప్యాంట్లు కుట్టించాను. "గీ వయసుల గీ సోకులేంది, సూసేటోళ్ళు నవ్వుతరు" అని మా ఇంటామె అంటే, "నవ్వనీయ్, ఏడుస్తలేరు గదా" అన్నాను.

ఇక్కడ నా గొప్పతనం కొంచెం చెప్పుకోవాలి, లేకపోతే కథ నడవదు. మా బంధువుల్లో నన్ను 'టైర్ల సారు' అంటారు. ముప్పై నాలుగేళ్ళు డిపోలో టైర్ల సెక్షన్‌లో పనిచేశాను. మా మహబూబ్‌నగర్ నుంచి హైదరాబాద్ దాకా, రాయచూరు దాకా తిరిగిన ఏ బస్సయినా నా చేతి మీదుగా పోవలసిందే. టైరును వేలితో కొట్టి, మోత విని, ఇంకా ఎన్ని కిలోమీటర్లు నడుస్తుందో చెప్పేవాణ్ణి. ఒకసారి గేటు దాటుతున్న బస్సు చప్పుడు విని, వెనక ఎడమవైపు లోపలి టైరులో మేకు దిగిందని చెప్పాను. దించి చూస్తే మేకు. (ఈ చివరి మూడు నాలుగు వాక్యాలు అబద్ధం. నేను ఆ సెక్షన్‌లో గుమాస్తాను. టైరు మీద ఉన్న నంబరు చూసి కార్డులో ఎక్కించడం, అది తిరిగిన కిలోమీటర్లు రాయడం నా పని. విప్పేవాళ్ళు, ఎక్కించేవాళ్ళు వేరే ఉండేవాళ్ళు. వాళ్ళు నన్ను జాకీ దగ్గరికి కూడా రానిచ్చేవాళ్ళు కాదు. బంధువులకు 'సెక్షన్' అన్నంత వరకే చెప్పాను. 'గుమాస్తా' అన్న మాట ముప్పై నాలుగేళ్ళూ నోట్లోనే ఉండిపోయింది.)

మా అక్క నాకంటే ఏడేళ్ళు పెద్దది. దేవరకద్ర అవతల ఒక పల్లెలో ఉంటుంది. ఆ వానకాలంలో ఆమె వెన్నుపూసకు ఆపరేషన్ జరిగింది. చిన్నప్పుడు అమ్మ కూలికి పోతే నన్ను చంకనెత్తుకొని తిరిగింది అక్కే. ఆపరేషన్ గదిలోకి తీసుకుపోతుంటే కూడా, "నిన్ను మోసిన నడుమే తమ్మీ. నువ్వప్పుడే మస్తు బరువుంటుంటివి" అని నవ్వింది. డాక్టరు ఇంటికి పంపుతూ, నెల దాటాక మహబూబ్‌నగర్ తీసుకొచ్చి చూపించమన్నాడు. బస్సులో మాత్రం వద్దు, కుదుపులు అసలే తగలొద్దు, కట్టు పడుతున్న ఎముక కదిలితే మళ్ళీ కొయ్యాల్సి వస్తుంది అన్నాడు. ఆ ఒక్క మాట కోసమే మా మేనల్లుడు, అంటే అక్క కొడుకు, కారు కొన్నాడు. జడ్చర్ల దగ్గర మందుల కంపెనీలో షిఫ్టు డ్యూటీ వాడికి. మా రెండు కుటుంబాల్లో నెల జీతం మొదట చూసింది నేనైతే, కారు మొదట తెచ్చింది వాడు.

కారు ఎర్రది. సెకండ్ హ్యాండ్. వెనక చిన్న రెక్క, కింద రెండు పొగ గొట్టాలు, స్టార్టు చేస్తే పొట్టలో ఉరిమినట్టు మోత. తల్లిని దవాఖానకు తీసుకుపోయే కారుకు అవన్నీ ఎందుకని అడగకండి, వాడికి ఇరవై ఆరేళ్ళు. అయితే ఆ కారుకు పదిహేను ఇంచుల మామూలు ఇనుప రిమ్ములుండేవి. కంపెనీలో స్నేహితులు చూసి, "బండి పులి లెక్కుంది, కాళ్ళు మ్యాక లెక్కున్నయ్" అన్నారట. ఆ మాట వాడి కడుపులో గుచ్చుకుంది. అక్కను చూపించాల్సిన రోజుకు ఒక్క రోజు ముందు నా దగ్గరికి వచ్చాడు.

"మామా, పదిహేడు ఇంచుల అల్లాయ్ రిమ్ములు ఏపిద్దామనుకుంటున్న. గని అమ్మకు కుదుపు తగలొద్దు. గది సూసి సైజు నువ్వే చెప్పాలె. నువ్వు చెప్తెనే ఏపిస్త, లేకుంటె లేదు."

అప్పుడు నేను అనాల్సిన మాట ఒకటే. 'అమ్మను చూపించినంక ఏపిద్దువు, ఇప్పుడు ముట్టుకోకు.' ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ వాడు 'నువ్వు చెప్తెనే' అన్నాడు చూశారూ, అక్కడ నా కొత్త యవ్వనం లేచి నిలబడింది. "గదెంత పని అల్లుడా, ఒక కాగితం పట్టుకరా" అన్నాను.

కారు టైరు పక్కన మూడు అంకెలుంటాయి. వాడి పాత టైరు మీద నూట తొంభై అయిదు, అరవై అయిదు, పదిహేను అని ఉంది. బస్సు టైరు మీద మా కాలంలో రెండే అంకెలు, వెడల్పు ఒకటి, రిమ్ము ఒకటి. రెండూ ఇంచుల్లోనే. ఎత్తు ఎంతో రాసేవాళ్ళు కాదు. కనుక ఆ నడిమి అరవై అయిదు ఏమిటో నాకు తెలియదు. అడగవచ్చు. టైర్ల సారు ఎవరిని అడుగుతాడు? మొదటిది మిల్లీమీటర్ల వెడల్పని తెలుసు, కాబట్టి రెండోది మిల్లీమీటర్ల ఎత్తు అయి ఉంటుందని నాకు నేనే తీర్పు ఇచ్చుకున్నాను. ఇక లెక్క చకచకా వచ్చింది. రిమ్ము రెండు ఇంచులు పెరిగితే యాభై మిల్లీమీటర్లు. పైన ఇరవై అయిదు, కింద ఇరవై అయిదు. అరవై అయిదులోంచి ఇరవై అయిదు తీసేస్తే నలభై. కాగితం మీద 'నలభై' అని రాసి కింద రెండు గీతలు గీశాను. మేనల్లుడు ఆ కాగితాన్ని మడిచి, డాక్టరు చీటీలాగా జేబులో పెట్టుకున్నాడు.

మహబూబ్‌నగర్‌లో రిమ్ములు, టైర్లు అమ్మే భాయి ఒకడున్నాడు. ముప్పై అయిదేళ్ళ మనిషి, మాట నెమ్మది. కాగితం చూసి కారును చూశాడు, మళ్ళీ కాగితం చూశాడు.

"సారూ, పదిహేడు రిమ్ముకు రెండు వందల అయిదు వెడల్పు మంచిగనే ఉంటది. గని ఎత్తు యాభై ఏసుకోన్రి. పాత టైరు ఎంత ఎత్తుండెనో గంతే వస్తది."

"యాభై ఏస్తె మడ్‌గార్డుకు రాస్కపోతది" అన్నాను, అతని కుర్చీలో కాలు మీద కాలు వేసుకొని.

"రాస్కపోదు సారూ, నేను దినాం ఏస్తున్న గదా. నలభై ఏస్తె బండి కిందికి గూసుంటది. రబ్బరు సన్నగైతది. రోడ్డు మీద ఏమున్నదో అంత నడుముకే తెలుస్తది."

నడుము అన్న మాట వినగానే మేనల్లుడు నావైపు తిరిగాడు. అయినా చెయ్యి ఎత్తి, "భాయ్, నువ్వు పుట్టకముందు నుంచి నేను టైర్లు సూస్తున్న" అన్నాను. (చూడడం మాత్రం నిజం.)

"మీ ఇష్టం సారూ. బస్సులు వేరు, గియి వేరు. జర ఫికర్ చేయాల్సిన ముచ్చటనే, అందుకని చెప్పిన."

"మామ చెప్పినంక ఇంకేముంది భాయ్, నలభై ఏయ్" అన్నాడు మేనల్లుడు. వాడి గొంతులో అంత నమ్మకం వినగానే, కాలు మీద వేసిన కాలు దించాను.

బిగించిన తరువాత కారు అందంగానే ఉంది, అది ఒప్పుకోవాలి. నల్లటి అల్లాయ్‌లు, వాటి చుట్టూ గాజుల్లాగా సన్నటి రబ్బరు. వాడు చుట్టూ తిరిగి ఫోన్‌లో పదిహేను ఫోటోలు తీశాడు. ఇద్దరం పల్లెకు బయలుదేరాం. ఊరు దాటకముందే మొదటి స్పీడ్ బ్రేకర్ వచ్చింది. నా పై పళ్ళు కింది పళ్ళను పలకరించాయి.

"మామా, జర గట్టిగున్నట్టు లేదూ?"

"కొత్త టైర్లు గట్లనే ఉంటయ్. నాలుగు దినాలైతే మెత్తబడ్తయ్." (కొత్త చెప్పుల సంగతి చెబుతున్నానని నాకూ తెలుసు.)

పల్లె చేరేసరికి నేను ముప్పై ఒక్క గతుకులు లెక్కపెట్టాను. మేనల్లుడు కాళ్ళు కడుక్కోవడానికి పోగానే, అక్క కుట్టు మిషన్ డబ్బాలోంచి టేపు తీసుకొని కారు దగ్గర గొంతుక్కూర్చున్నాను. ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగంలో ఒక టైరును కొలవడం అదే మొదటిసారి. రిమ్ము అంచు నుంచి రబ్బరు ఎత్తు నలభై ఉండాలి. ఎనభై రెండు ఉంది. మళ్ళీ కొలిచాను. ఎనభై రెండే. గుమాస్తా బుర్ర కదా, మిగతాది దానంతట అదే తేలింది. రెండు వందల అయిదులో నూటికి నలభై వంతులు ఎనభై రెండు. అంటే నడిమి అంకె మిల్లీమీటర్లు కాదు, వెడల్పులో నూటికి ఎన్ని వంతులో ఆ లెక్క. మరి పాతది? నూట తొంభై అయిదులో నూటికి అరవై అయిదు వంతులు, దాదాపు నూట ఇరవై ఏడు. నూట ఇరవై ఏడులోంచి ఎనభై రెండు పోతే నలభై అయిదు మిల్లీమీటర్లు. మూడు వేళ్ళు దగ్గర పెట్టి చూసుకున్నాను, దాదాపు అంత. మా అక్క నడుము కింద నుంచి మూడు వేళ్ళ మందం రబ్బరును నేను గీతలు గీసి మరీ లాగేశాను.

చెప్పేస్తే అయిపోయేది. వాకిట్లోనే ఉన్నారు ఇద్దరూ. "ఏం కొలుస్తున్నవ్ తమ్మీ?" అని అక్క మంచం మీద నుంచే అడిగింది కూడా. "ఊకెనే, ఎట్లున్నదో సూస్తున్న" అన్నాను. అన్నం సహించలేదు. నిద్ర పట్టలేదు. కళ్ళు మూస్తే స్పీడ్ బ్రేకర్లు వరసగా కనబడ్డాయి. తెల్లవారేసరికి నాకు బ్రహ్మాండమైన ఉపాయం తట్టింది. గాలి తగ్గిస్తే టైరు మెత్తబడుతుంది కదా! మేనల్లుడు స్నానం చేస్తుంటే, అగ్గిపుల్లతో వాల్వు నొక్కి నాలుగు టైర్లలోనూ దాదాపు సగం గాలి వదిలేశాను. బొటనవేలితో నొక్కి చూసి తృప్తి పడ్డాను. టైర్ల విద్యలో నా సొంత ఆలోచన అంటూ ఉన్నది ఆ ఒక్కటే. అది మొదటి తప్పు కంటే పెద్ద తప్పని నాకు ఇంకా తెలియదు.

మావైపు బండికి కొత్త చక్రాలు వేస్తే నిమ్మకాయలు తొక్కించకుండా కదిలించరు. మేనల్లుడు నాలుగు చక్రాల కింద నాలుగు పెట్టాడు. అక్క నడుముకు బెల్టు పెట్టుకొని, ముందు సీటును వెనక్కి వాల్చుకొని, వీపు కింద దిండు వేసుకొని కూర్చుంది. నేను వెనక కూర్చున్నాను. కారు కదిలింది. టప్ టప్ మని నిమ్మకాయలు పగిలాయి.

"ఎడమదిక్కు నిమ్మకాయ జర పెద్దదున్నట్టుంది" అంది అక్క.

"నీకెట్ల తెలిసింది అమ్మా?"

"నడుముకు తెలిసింది బిడ్డా."

వాడు నవ్వాడు. నేను నవ్వలేదు. నిమ్మకాయే తెలిస్తే రోడ్డు సంగతేమిటి? పల్లె దాటి పెద్ద రోడ్డు ఎక్కేదాకా, ముందు సీటును రెండు చేతులతో పట్టుకొని కూర్చున్నాను, గుంత వస్తే అక్కను సీటుతో సహా పైకి ఎత్తేవాడిలాగా. "అల్లుడా, నిమ్మలంగ. అల్లుడా, బర్రె. అల్లుడా, ముందల గుంత. అల్లుడా, అటు గాదు ఇటు." ఆటోలు మమ్మల్ని దాటిపోయాయి. గడ్డిమోపు వేసుకున్న సైకిలాయన కాసేపు మా పక్కనే వస్తూ, లోపలికి తొంగిచూసి ముందుకు వెళ్ళాడు. "మామా, మీటరు ఇరవై దాటనిస్తలేవు" అని మేనల్లుడు విసుక్కున్నాడు. ప్రతి కుదుపుకూ అక్క చిన్నగా 'ఊఁ' అనేది. ఏడుపు కాదు, మూలుగు కాదు, ఉత్త 'ఊఁ'. ఆ 'ఊఁ'లు కూడా లెక్కపెట్టాను. పదిహేడో దాని దగ్గర ఆపేశాను, భయం వేసి.

దేవరకద్ర దాటాక, వాన నీళ్ళు నిలిచిన చోట గుంత ఎంత లోతో తెలియలేదు. ఎడమవైపు ముందు చక్రం దిగింది. బాంబు పేలినట్టు మోత, టైరు పగిలి ముక్కలు ఎగిరాయి. (అందరికీ అలాగే చెప్పాను. నిజానికి 'టక్' మని ఒక్క చప్పుడు, అంతే. కానీ ఆ 'టక్' ఇప్పటికీ నా చెవిలో ఉంది.) ఈసారి అక్క 'ఊఁ' అనలేదు. కళ్ళు గట్టిగా మూసుకుంది.

మేనల్లుడు కారు పక్కకు ఆపి, "అమ్మా, అమ్మా" అన్నాడు. ముందుకు వంగి ఆమె భుజం మీద చెయ్యి వేశాను. కాసేపటికి అక్క ఒక కన్ను తెరిచింది. కాలి వేళ్ళు కదిలించి చూసుకుంది. "ఏం గాలె, బతికే ఉన్న. నా మీద పడకుండ్రి, గాలాడ్తలేదు" అంది.

దిగి చూస్తే టైరు పక్క భాగంలో కోడిగుడ్డంత బుడిపె లేచింది. మేనల్లుడు టైరును కాలితో నొక్కాడు, మిగతావీ నొక్కాడు. మొహం మారింది. "నిన్ననే కదా పట్టిచ్చింది, నాలుగిట్ల గాలి ఎట్ల తగ్గింది మామా? గందుకే రిమ్ము పోయి గుంతకు కొట్టుకుంది."

రోడ్డు పక్క నిలబడి మొత్తం చెప్పాను. అగ్గిపుల్ల నుంచి మొదలుపెట్టి, టేపు, ఎనభై రెండు, కాగితం మీద నలభై, అన్నీ వెనక్కి నడుచుకుంటూ పోయి చివరికి ఆ మాట దగ్గర ఆగాను. "నేను డిపోల టైర్ల పని చేయలె అల్లుడా. నంబర్లు రాసిన. గుమాస్తను."

వాడు తిడతాడనుకున్నాను. తిట్టలేదు. బుడిపె వైపే చూస్తూ, "నాకు తెల్వదురా అని నువ్వంటె నేనేమన్న అందునా మామా? అమ్మ కోసమని అడిగితి గదా" అన్నాడు. అంతకంటే రెండు దెబ్బలు కొట్టినా బాగుండేది.

అప్పుడు కారు లోపలి నుంచి అక్క గొంతు వచ్చింది. అద్దం దించే ఉంది, అంతా విన్నది. "వాడు రాసేటోడని నాకు మొదటి సంది ఎరుకే. టైర్ల పని చేసేటోడు ముప్పై ఏండ్లల్ల ఒక్కనాడన్న నల్లచేతులతోటి ఇంటికి రాడా? నీ మామ అంగీ ఎప్పుడు సూసినా పెండ్లిపిలగాని అంగీ లెక్కనే ఉంటుండె."

"ఎరుకైతే మరి నాకెందుకు చెప్పలేదే అమ్మా?"

"చెప్తే వాని మొకం చిన్నగైతది. నడుము నొస్తే దవాఖాన ఉంది, బిడ్డా. మొకం చిన్నగైతే యాడికి తీస్కపోతం?" అని ఆగి, "అయినా నేను గిట్ల ఎండల ఎంతసేపు పండాలె? చక్రం మార్చేది ఉందా లేదా?" అంది.

డిక్కీలో స్టెప్నీ ఉంది. అది పాత పదిహేను ఇంచులదే. మేనల్లుడు జాకీ పెట్టాడు, నేను మొదటిసారి పానా పట్టుకొని బోల్టులు విప్పాను. (రెండు విప్పాను. మిగతావి వాడే విప్పాడు.) పక్క ఊళ్ళో మిగతా మూడింటికీ గాలి పట్టించి, ఇంకా నెమ్మదిగా పోయాం. ఎడమవైపు ముందు మూల కారు కొంచెం ఎత్తుగా, ఒక కాలి కింద ఇటుక పెట్టిన మంచంలాగా నడిచింది. అక్క సీటు కిందే ఆ మూల. కాసేపటికి ఆమె, "గీ మూల మంచిగుంది తమ్మీ. తక్కిన మూడు గూడ గిట్లనే ఎందుకు పెట్టలె?" అంది. మేనల్లుడు అద్దంలోంచి నన్ను చూశాడు. ముందు వాడు నవ్వాడు. తరువాత నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

డాక్టరు ఎక్స్‌రే తీయించి చూసేంత సేపు బయట బెంచీ మీద కూర్చున్నాను. ఆ గంటలో నేను మొక్కని దేవుడు లేడు, పక్క బెంచీ మీదున్న ముసలాయనను చూసి ఆయన దేవుడికి కూడా మొక్కాను. ఎముక కదలలేదని డాక్టరు చెప్పాడు. "ఎట్లా తీసుకొచ్చారు? బాగా జాగ్రత్తగా తెచ్చినట్టున్నారు" అని కూడా అన్నాడు. అక్క నావైపు చూసి, "మా తమ్ముడు సారూ, వెనక కూసోని ఒక్క గుంత ఇడువకుంట చెప్పిండు" అంది. నేను నేల చూశాను.

ఆమెను అక్కడే పడుకోబెట్టి భాయి దుకాణానికి పోయాం. మమ్మల్ని చూడగానే అతను లేచాడు. లోపలికి పోయి, గోనెపట్టా కప్పిన మూల నుంచి మా పాత నాలుగు చక్రాలు దొర్లించుకుంటూ తెచ్చాడు. "వస్తరని తెలుసు సారూ. అమ్మలే, పక్కకు పెట్టిన" అన్నాడు. పదిహేడు ఇంచుల అల్లాయ్‌లను మేనల్లుడు ఇష్టంగా చూసుకుంటుంటే, "అవి ఉండనీ భాయ్, అక్క నడుము మంచిగైనంక యాభై ఏసి పెడ్దువు" అన్నాను. ఆ యాభై అన్న అంకె నా నోటి నుంచి రావడానికి ఎంత కష్టపడిందో ఎవరికీ తెలియదు.

తిరుగు ప్రయాణంలో కారు మేక కాళ్ళతో మెత్తగా నడిచింది. నేను అలవాటు కొద్దీ గుంతల కోసం కళ్ళు పెట్టుకొని కూర్చున్నాను. మధ్యలో చూస్తే అక్క తల పక్కకు వాలి ఉంది. ముందుకు వంగి చూశాను. నోరు కొంచెం తెరుచుకొని, సన్నగా గురక పెడుతోంది. మేనల్లుడు రేడియో గొంతు తగ్గించాడు.

పదేళ్ళు దాటింది. అక్క ఇప్పుడు చేతికర్రతో ఊరంతా తిరిగి వస్తుంది, మూలకు కూర్చున్నవి నా మోకాళ్ళు. ఎవరైనా టైర్ల సంగతి అడిగితే, "నేను గుమాస్తను, దుకాణంల అడుగుపో" అంటున్నాను. (పూర్తిగా మారానని చెప్పను. పోయిన నెల పక్కింటాయన బోరు మోటారు గురించి అడిగితే ఏదో చెప్పేశాను. మోటార్ల సంగతి నాకు టైర్లంత కూడా తెలియదు.) అప్పుడప్పుడు ఆ యాభై ఎనిమిదేళ్ళ పిల్లగాడు గుర్తొస్తాడు. కోపం రాదు. పక్కన కూర్చోబెట్టుకొని, "తెల్వదని చెప్పరా, ఏం గాదు, వీళ్ళంత నీవోళ్ళే" అని వీపు నిమరాలనిపిస్తుంది. వాడు వింటాడా? కాలు మీద కాలు వేసుకొని, నాకే ఏదో ఒక సైజు చెబుతాడు.